తలకోన నుంచి శ్రీవారి మెట్టు దాకా: శేషాచలం అడవిలో పిల్లోణ్ణి వెంటబెట్టుకుని

నిన్న రాత్రే చిత్తూరు చేరినాం, పిక్కలు ఇంకా పట్టేసే ఉన్నాయి, అయినా అన్నీ గుర్తుండగానే రాసేద్దామని కూర్చున్నా. శేషాచలం కొండలు మాకు కొత్త కాదు, తిరుమల బస్సెక్కిన ప్రతిసారీ కిటికీలోంచి చూసేవే, కానీ ఆ అడవిలో రాత్రి పండుకుని పొద్దున్నే లేచి నడిస్తే ఎట్లుంటుందో ఇన్నాళ్ళూ తెలీలేదు. మా అక్క, బావ, ఐదో తరగతి చదివే వాళ్ళ పిల్లోడు, నేను కలిసి పోయినాం. ఈ కొండల్లో శ్రీ వెంకటేశ్వర జాతీయ ఉద్యానవనం 1989లో ఏర్పాటు చేసినారు, 353 చదరపు కిలోమీటర్లు, 2010లో ఈ కొండల్ని శేషాచలం బయోస్ఫియర్ రిజర్వ్‌గా కూడా ప్రకటించినారు. చిరతలు, ఎలుగుబంట్లు, రేసుకుక్కలు, ఏనుగులు అన్నీ తిరిగే అడవి. అందుకే పిల్లోడితో పోతున్నామంటే మా అమ్మ రోంత గొడవ చేసింది, ఆమె భయం ఉత్త భయమేం కాదు, అది దారి పొడుగునా తెలుస్తానే వచ్చింది.

శనివారం, భాకరాపేట దాటి

చంద్రగిరి, రంగంపేట మీదుగా భాకరాపేట ఘాట్ ఎక్కేసరికి ఎండ ఇంకా పదునెక్కలేదు. డిసెంబర్ మొదట్లో ఆ ఘాట్ చూడాలి, రెండు పక్కలా పచ్చగా, వానలు పడి పోయినాక కొండలు కడిగి పెట్టినట్టుంటాయి. భాకరాపేటలో రోడ్డు పక్కనే ఒక చిన్న హోటల్లో ఇడ్లీ తిన్నాం, ఇడ్లీ గొప్పగా ఏం లేదు గానీ చెనిగ్గింజల చట్నీ మాత్రం అబ్బా, ఎండుమిరపకాయ ఘాటుతో, బావ చట్నీ కోసమే ఇంకో ప్లేటు చెప్పినాడు. నలుగురికీ 160 అయింది.

భాకరాపేట నుంచి తలకోన జలపాతం దారిలోకి తిరిగినాక ఫోన్‌లో మ్యాపు ఏదో దగ్గరి దారి చూపించింది, ఆ దారి సన్నబడి సన్నబడి ఒక పల్లెలోకి పోయి చింతమాను కింద ఆగిపోయింది, ముందర కయ్యలు, అంటే పొలాలు, తప్ప ఏం లేవు. అక్కడ ఒకామె చెనిక్కాయలు ఆరబోస్తా ఉంది. బావ దారి అడిగితే ఆమె దారి చెప్పలేదు, ముందు "ఏ ఊరు సామీ మీది" అని అడిగింది. మా పక్కంతా ఇంతే, ఊరు చెప్పినాకే మాట. చిత్తూరని చెప్తే, చిత్తూరులో యాడ, ఎవరి తాలూకు అని ఆరా తీసి, ఆమె చెల్లెల్ని ఇచ్చిన ఊరు మా ఊరికి దగ్గరే అని తేలినాక అప్పుడు దారి చెప్పింది. చెప్పి, పిల్లోడి జోబుల నిండా చెనిక్కాయలు పోసింది, డబ్బులిస్తే మొహం చిన్నబుచ్చుకుంది. కారెక్కుతా ఉంటే అక్క దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది, "పొద్దు గూకినాక ఈ దోవలో తిరగబాకండి మ్మా, ఏనుగులు కయ్యల్లోకి దిగతా ఉండాయి. మా మొగోళ్ళే రాత్రిళ్ళు కావిలికి పోయేదానికి భయపడతా ఉండారు."

ఆమె మాట విని కారులో ఎవరం కాసేపు మాట్లాడలేదు. 2025లో శివరాత్రి ముందు అన్నమయ్య జిల్లా గుండాలకోన దగ్గర అడవిలో నడిచి గుడికి పోతా ఉన్న భక్తుల మీద ఏనుగుల గుంపు పడి ప్రాణాలు పోయిన సంగతి అందరికీ గుర్తే. అది కూడా ఇదే కొండల వరసలో.

శనివారం సాయంత్రం, నేరబైలు, తలకోన

నేరబైలులో ఒక ఇంటి హోటలు ఉంది, పేరు బోర్డు కూడా లేదు. పోయేటప్పుడే చెప్పి పోవాలి, అప్పటికప్పుడు పోతే ఏం ఉండదు. చెప్పి, తలకోనలో సామాను పెట్టేసి వచ్చేసరికి సంగటి ముద్దలు పొగలు కక్కుతా ఉన్నాయి, నాటుకోడి పులుసు, ఉలవచారు. అక్క శనివారం మాంసం ముట్టదు, ఆమెకి విడిగా చింతాకు పప్పు, ఊరుమిండి పచ్చడి పెట్టినారు, ఆ ఊరుమిండి రోట్లో నూరింది అని మొదటి ముద్దకే తెలిసిపోయింది. చివరికి మేం కూడా పులుసు పక్కన పెట్టి ఊరుమిండి అడిగి వేయించుకున్నాం. కోడి భోజనం 180, శాకాహారం 90. సంగటి ఎన్ని ముద్దలైనా లెక్క లేదు, ఆ ఇంటి పెద్దామె "కొండెక్కాల, బాగా తినండి" అని వద్దన్నా వేస్తానే ఉంది.

తలకోనలో రూములు అటవీ శాఖ కింద ఊరోళ్ళ సమితి చూసుకుంటుంది. గదిలో ఫోన్ సిగ్నల్ లేదు. అది ముందే తెలుసు కాబట్టి, ఏ రోజు ఎక్కడుంటామో, ఎప్పటికి మళ్ళీ ఫోన్ చేస్తామో మా అమ్మకి నేరబైలు నుంచే చెప్పేసినాం. ఇది చిన్న పనే, కానీ అడవికి పోయే ప్రతివాళ్ళూ చేయాల్సిన పని అని గట్టిగా చెప్తున్నా, ఎవరో ఒకరికి ఇంటి దగ్గర లెక్క తెలిసుండాలి.

రాత్రి ఏడుకల్లా చిమ్మచీకటి. అక్కడ పనిచేసే అబ్బాయి వచ్చి, తలుపు మూసుకోండి, తినే సామాను బయట పెట్టొద్దండి, తొక్కలు కూడా కవర్లో కట్టి లోపలే పెట్టుకోండి అని చెప్పి పోయినాడు. కోతులకని అనుకున్నా, "కోతులు పగలు వస్తాయి క్కా, రాత్రికి ఎలుగ్గొడ్లు" అన్నాడు. మాది కాని ఊళ్ళో వాళ్ళ మాట వింటే పోయేదేముంది, బిస్కెట్ ప్యాకెట్ కూడా బ్యాగులో పెట్టి జిప్పు వేసినాం. అర్ధరాత్రి దూరంగా కణితి అరుపు వినపడింది, బావ చెప్పేదాకా అది జింక జాతిదని నమ్మలేదు, అంత గట్టిగా ఉంది.

ఆదివారం, జలపాతం

గైడుగా ఒక యానాది పెద్దాయన వచ్చినాడు. అరవై దాటుంటాయి, కాళ్ళకి చెప్పుల్లేవు, చేతిలో ఒక కర్ర, అంతే. పిల్లోడు తాతా అని పిలిస్తే ఆయన అబ్బోడా అని పిలిచినాడు, ఆ దినమంతా వాళ్ళిద్దరూ ముందర, మేం వెనక. ఆయన కూలి 600 మాట్లాడుకున్నాం, అంత విలువైన డబ్బు ఈ మధ్య ఇంకేదానికీ ఖర్చు పెట్టలేదు.

ముందు సిద్ధేశ్వర స్వామి గుడి. దండం పెట్టుకుని బయటికొచ్చినాక తాత మా అందరినీ నిలబెట్టి పై నుంచి కింద దాకా చూసినాడు. అక్క సెంటు కొట్టుకుని వచ్చింది, పైట చెంగు తడిపి మెడా చేతులూ తుడుచుకోమన్నాడు. పైన బండకి తేనెపట్లు ఉంటాయి, వాసనకీ పొగకీ ఈగలు లేస్తాయి, లేస్తే పరిగెత్తేదానికి చోటుండదు అన్నాడు. బావ జోబులో సిగరెట్ ప్యాకెట్ చూసి చెయ్యి చాపినాడు, బావ మారుమాట లేకుండా ఇచ్చేసినాడు, సాయంత్రం మళ్ళీ తిరిగి ఇచ్చినాడు లెండి.

దారిలో పెద్ద మాన్లు, తెల్లమద్ది, నేరేడు, పైకి పోయేకొద్దీ ఎర్రచందనం. ఎర్రచందనం బెరడు మొసలి వీపు మాదిరి గళ్ళు గళ్ళుగా ఉంటుంది, పిల్లోడు రెండు చెట్లు చూసినాక మూడోదాన్ని వాడే గుర్తు పట్టినాడు. ఈ చెట్టు ప్రపంచంలో సహజంగా పెరిగేది ఈ కడప, చిత్తూరు చుట్టుపక్కల కొండల్లోనే ఎక్కువ, అందుకే దీని మీద అంత దొంగతనం, అందుకే దారి వదిలి లోపలికి పోయి తిరిగేవాళ్ళని టాస్క్‌ఫోర్స్ వాళ్ళు ఆపి నిలదీస్తారు. చెట్లు చూద్దామని పోయేవాళ్ళు కూడా దారి మీదే ఉండడం అన్ని విధాలా మంచిది.

తలకోన అంటే గిల్లతీగ చూడకుండా రాకూడదు. తీగ అంటాం గానీ అది మాను మాదిరి లావుంటుంది, ఒక చెట్టు మీద నుంచి ఇంకో చెట్టు మీదికి మెలికలు తిరిగి పోతా ఉంటుంది, కాయలు మూరెడు పైనే. కింద రాలిన గింజ ఒకటి పిల్లోడికి దొరికింది, గోధుమరంగులో నున్నగా, అరచేతి మధ్యలోకి సరిపోయేంత. జోబులో పెట్టుకోబోతే తాత "ఆడే పెట్టెయ్ అబ్బోడా, అది మొలవాల" అన్నాడు. వాడు కాసేపు చేతిలో తిప్పి తిప్పి చూసి, మళ్ళీ అదే చోట మట్టిలో పెట్టినాడు. జాతీయ ఉద్యానవనంలోంచి గింజ గానీ రాయి గానీ ఏదీ తేకూడదన్నది చట్టం కూడా, కానీ వాడికి చట్టం కన్నా తాత మాట బాగా ఎక్కింది.

ఒక మలుపులో దారి రెండుగా చీలింది, ఎడమది వెడల్పుగా బాగుంది, మా ముందర పోతా ఉన్న ఒక కుటుంబం దాన్నే పట్టుకుని పోయినారు. తాత గట్టిగా కేకేసి వెనక్కి పిలిపించినాడు. అది పశువులు నీళ్ళకి పోయే దోవంట, కొంచెం దూరం పోయినాక వంకలోకి దిగి మాయమైపోతుందంట. ఆ వెడల్పు దారి చూస్తే ఎవరైనా అదే అసలు దారి అనుకుంటారు, ఒక బాణం గుర్తు పెట్టుంటే ఎంత మేలు.

జలపాతం కనిపించినప్పుడు మాత్రం మాటల్లేవు. 270 అడుగుల ఎత్తు, మన రాష్ట్రంలో ఇదే ఎత్తైనది అంటారు. వానాకాలం పోయి రెండు మూడు వారాలే కాబట్టి నీళ్ళు నిండుగా ఉన్నాయి, ఎర్రటి బండ అంచు మీద నుంచి తెల్లగా జారి, సగం దూరం వచ్చేసరికి గాలికి తుంపరగా విడిపోయి మన మీదికి వస్తుంది. ఆ తుంపర్లో పిల్లోడు నోరు తెరుచుకుని నిలబడినాడు.

మా బావ చిత్తూరులో గ్రానైట్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, రాయి చూస్తే చెయ్యి పెట్టకుండా ఉండలేడు. ఈ బండ గ్రానైట్ కాదు, క్వార్ట్‌జైట్, నీళ్ళు ఒరుసుకుని ఒరుసుకుని పాలిష్ పట్టినట్టయిపోయింది, పైన పాచి పడితే ఇంక కాలు నిలిచేదే లేదు అని చూపించినాడు. తాత ఏమో, పొడిగా తెల్లగా కనపడే బండ మీదే అడుగెయ్యండి, నల్లగా మెరిసేదాని మీద వెయ్యబాకండి, అని ఒక్క మాటలో చెప్పేసినాడు. ఒకరు రాయి వైపు నుంచి, ఒకరు కాలి వైపు నుంచి చెప్పినా సంగతి ఒకటే. షూలు కూడా తీయించినాడు తాత, నున్నగా అరిగిన అడుగులున్న షూ కన్నా ఉత్త కాలే నయమంట అక్కడ.

గుండంలో అంచున, మోకాలు లోతు దాకా, పిల్లోడి చెయ్యి పట్టుకుని దిగినాం. అవతల పక్క ఎవరో కాలేజీ పిల్లలు, ఏడెనిమిది మంది, బండ మీద నుంచి దూకేదానికి తయారవుతా ఉన్నారు. తలకోన గుండాల్లో ఇట్లా దూకి పోయిన పిల్లల వార్తలు మనం పేపర్లో చూస్తానే ఉంటాం. నీళ్ళ కింద రాళ్ళు ఎట్లా ఉన్నాయో పైకి తెలీదు, రెండు బండల సందులో తల ఇరుక్కుంటే ఈత ఎంత వచ్చినా ఏం లాభం. తాత వాళ్ళ దగ్గరికి పోయి ఏదో చెప్పినాడు, వాళ్ళు నవ్వినారు, ఒకడు మాత్రం దిగి వచ్చినాడు.

అప్పుడు జరిగింది చెప్పాలి. ఆకాశంలో మబ్బు కూడా పెద్దగా లేదు, ఎండ కొడతా ఉంది. తాత నీళ్ళవైపే చూస్తా కూర్చుని ఉన్నవాడు ఉన్నట్టుండి లేచి, "లెయ్యండి, అందరూ లెయ్యండి, పైకి రాండి" అని అరిచినాడు. ఏమైందో మాకు అర్థం కాలేదు, అక్క పిల్లోణ్ణి చంకలో వేసుకుని ఎక్కేసింది. తాత అప్పుడు నీళ్ళు చూపించినాడు, అంతసేపూ అద్దం మాదిరి ఉన్న నీళ్ళలో సన్నగా ఎర్రని చార వస్తా ఉంది, దాంతోపాటు ఎండాకులు, పుల్లలు. పైన కొండల్లో యాడో గట్టిగా వాన పడిందన్నమాట. కాలేజీ పిల్లలు ఈసారి నవ్వలేదు, బట్టలు చేత పట్టుకుని ఎక్కేసినారు. కొంతసేపటికే మేం కూర్చున్న బండ సగం మునిగింది, నీళ్ళు బురద ఎరుపు, జలపాతం చప్పుడు మారిపోయింది, పక్కవాళ్ళ మాట వినపడలేదు.

నేను ఈ కథనం రాసేదే ఈ ఒక్క సంగతి కోసం. కొండ మీది వంకల్లో వరద మన నెత్తిన వాన పడితే రాదు, మనకు కనపడని చోట పడిన వానకి వస్తుంది. నీళ్ళ రంగు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, చప్పుడు పెరిగినా, ఇంక ఫోటో కూడా వద్దు, పక్కకి కాదు, పైకి ఎక్కేయాలి. దాన్ని గుర్తుపట్టే కన్ను మనకుండదు, ఆ అడవిలో పుట్టి పెరిగినవాళ్ళకి ఉంటుంది. గైడు ఎందుకు, దారి కనపడతానే ఉంది కదా అనేవాళ్ళకి నేను చెప్పేది ఇదే, 600 రూపాయలు దారి చూపించేదానికి కాదు.

ఎత్తైన చోటుకి వచ్చి సద్ది విప్పినాం, చిత్రాన్నం, పెరుగన్నం, మామిడికాయ ఊరగాయ. తాత ముందు ఒక ముద్ద ఆకులో పెట్టి బండ మీద ఉంచి, తర్వాత తిన్నాడు. పక్కన ఒక కుటుంబం చేతిలోంచి చిప్స్ ప్యాకెట్ కోతి లాక్కుని పోతే ఆ పాప ఏడుపు, మా పిల్లోడు పోయి చెనిక్కాయలు ఇచ్చి వచ్చినాడు. దిగేటప్పుడు బండ సందులో తాత బంగారు బల్లిని చూపించినాడు, ఊరికే పసుపుగా కాదు, నిజంగా బంగారు రంగే. గుడ్లన్నీ ఒకే చోట బండకి అతికించి పెట్టుంటుంది. దీన్ని 1870లో బెడ్డోమ్ అనే ఇంగ్లీషు అటవీ అధికారి మొదటిసారి లోకానికి వర్ణించి చెప్పినాడు. ఈ కొండల్లో తప్ప దాదాపు ఇంకెక్కడా లేని పేరీత చెట్టుకి శాస్త్రం పేరులో ఉన్నది కూడా ఆయన పేరే. తాతకి బెడ్డోమ్ ఎవరో అక్కర్లేదు, ఆయన చిన్నప్పటి నుంచి ఆ బల్లి అదే సందులో ఉందంట.

సోమవారం, శ్రీవారి మెట్టు

ఆదివారం రాత్రి తిరుపతిలో ఉండి, పొద్దున్నే శ్రీనివాస మంగాపురం నుంచి శ్రీవారి మెట్టు ఎక్కినాం. 2388 మెట్లు, అలిపిరి 3550 మెట్లతో పోలిస్తే తక్కువే, కానీ ఇది నిలువుగా ఎక్కుతుంది. చంద్రగిరి నుంచి రాయలవారు ఈ దారినే కొండకి వచ్చేవారని పెద్దవాళ్ళు చెప్తారు. 2021 నవంబర్ వానలకి ఈ దారి బాగా కొట్టుకుపోయింది, బాగుచేసి 2022 మేలో మళ్ళీ తెరిచినారు, అక్కడక్కడా కొత్త రాతి పని కనపడుతుంది.

2023 ఆగస్టులో అలిపిరి దారిలో ఆరేళ్ళ పాపని చిరత తీసుకుపోయినప్పటి నుంచి మా అక్కకి నడకదారి అంటేనే గుండె దడ. ఆ తర్వాతే చేతికర్రలు ఇవ్వడం, గుంపులుగా పంపడం, మధ్యాహ్నం దాటితే పిల్లల్ని వదలకపోవడం అన్నీ వచ్చినాయి. మేం మా లెక్క మేం పెట్టుకున్నాం, పిల్లోడు ఎప్పుడూ మధ్యలో, ముందర బావ, వెనక నేను, వాడు పరిగెత్తేది లేదు, ఒంటరిగా వెనకబడేది లేదు. ఎవరో తమిళనాడు నుంచి వచ్చిన పెద్ద గుంపు గోవిందా గోవిందా అంటా ఎక్కుతా ఉంటే వాళ్ళలో కలిసిపోయినాం. ఆ గుంపులో ఒక అవ్వ ప్రతి మెట్టుకీ పసుపు కుంకుమ పెడతా ఎక్కుతా ఉంది, వంగి వంగి, మాకన్నా ముందే పైకి చేరింది.

పైన తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో భోజనం, వేడి వేడి అన్నం, సాంబారు, చక్కెర పొంగలి. రూపాయి ఖర్చు లేదు. తర్వాత శిలాతోరణం, కొండే తోరణం కట్టినట్టు సహజంగా ఏర్పడిన రాతి వంతెన, దాదాపు 26 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. బస్సు దిగేటప్పుడు బావ కిటికీ సీటు వదల్లేదు. ఘాట్ రోడ్డు పక్కన కొండ కోసిన చోట కింద గ్రానైట్, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్, మధ్యలో గీత గీసినట్టు ఒక చోటుంది. ఆ రెండు రాళ్ళ మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ళ తేడా ఉందంట. రోజూ కోసి పాలిష్ పట్టే రాయిని బావ అట్లా దండం పెట్టి చూడ్డం నేనెప్పుడూ చూడలేదు.

ఈ కొండల లోపలి లోయలో తుంబురు తీర్థం ఉంది, ఫాల్గుణ పౌర్ణమికి అక్కడ ముక్కోటి పండగ వస్తుంది, ఆ ఒక్కసారే ఆ లోయలోకి జనాన్ని నడిచి పోనిస్తారు. వెంగమాంబ తపస్సు చేసిన చోటు అంటారు. వయసు మళ్ళినవాళ్ళనీ, గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్ళనీ రావద్దని ముందే చెప్తారు, ఆ మాట వినాల్సిందే. అక్క అప్పుడే క్యాలెండర్‌లో ఆ తేదీకి సున్నా చుట్టేసింది. పిల్లోణ్ణి మాత్రం ఈసారి అవ్వ దగ్గర వదిలి పోతాం, ఆ బండల దారి వాడి కాళ్ళకి ఇంకా ఎక్కువ.